మట్టి తెచ్చి పోసిన పుట్ట

మాల వేసుకున్నవాడికి కోపం రాకూడదట. ఈ నియమం పెట్టినవాడు ఎవడో గానీ, అమీర్‌పేట్‌లో ఫోటో స్టూడియో మాత్రం నడిపి ఉండడు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు కోచింగ్ పిల్లలు వచ్చి "అన్నా, పాస్‌పోర్ట్ సైజ్, జర తెల్లగ చెయ్యి" అంటారు. చేస్తే "గింత తెల్లగనా" అంటారు. మామూలప్పుడైతే బయటికి నడవమంటాను. అయ్యప్ప దీక్షలో ఉన్నన్నాళ్లూ "స్వామి శరణం" అనుకుంటూ పళ్లు కొరుక్కుంటాను.

మా అక్క పోచమ్మకు ఈ రోజులంటే మహా సంబరం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పెళ్లయిన ఏడాదికే మొగుడితో పడక తిరిగొచ్చేసింది, నాకు పెళ్లి ఊసే పట్టలేదు, ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఎప్పుడూ నా నోటికి జడిసే మనిషి కాదు. మాల రోజుల్లో అయితే మరీను. "స్వామీ, కోపానికి రావద్దు స్వామీ" అని చేతులు జోడిస్తూనే నాలుగు తగిలిస్తుంది. తిరిగి ఒక్క మాట అనడానికి లేదు.

నాకో పిచ్చి ఉంది. చలికాలం పొద్దున్నే కెమెరా పట్టుకుని పుట్టగొడుగుల వెంట తిరుగుతాను. వానాకాలంలో అవి ఎక్కడపడితే అక్కడ లేస్తాయి, మధ్యాహ్నానికి కుళ్లిపోతాయి. చలికాలంలో లేచేవి తక్కువ. కానీ ఓపిగ్గా నిలబడతాయి, వాటి మీద పడే వెలుతురు కూడా మెత్తగా ఉంటుంది. పొద్దంతా నవ్వని మొహాలను తెల్ల గోడకు ఆనించి తీసేవాడికి అంతకంటే ఏం కావాలి? పుట్టగొడుగు తన మచ్చ తీసేయమని అడగదు. కాకపోతే అది ఏ రకమో చెప్పే గుర్తులన్నీ గొడుగు కింద ఉంటాయి. అందుకని స్టూడియోలో దువ్వుకోవడానికి పెట్టిన చిన్న అద్దాన్ని జేబులో వేసుకుపోయి, గొడుగు కిందికి జరిపి, అద్దంలో కనబడేదాన్ని కూడా తీస్తాను. అక్క చేతిసంచి పట్టుకుని నా వెంట వస్తుంది. ఆమెకు ఫోటోలతో పని లేదు. తోటకూరో పొన్నగంటి కూరో దొరుకుతుందని ఆశ.

ఆ ఏడు మార్గశిరంలో తుపాను వాన పట్టింది. వాన వెలిసిన పొద్దున మా గల్లీ చివరి పార్కుకు పోయాం. పార్కు మూల ఒక పుట్ట ఉంది. ఆ పుట్ట సంగతి గల్లీలో అందరికీ తెలుసు. అసలు పుట్టను అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు తవ్విపారేశారు. నాగుల చవితికి పాలు పోసే చోటు లేకుండా పోయిందని ఆడవాళ్లంతా కలిసి, ట్రాలీలో మట్టి తెప్పించి, కుప్ప పోయించి, మెత్తి, కన్నాలు పెట్టించారు. దగ్గరుండి చేయించింది మా అక్కే. ఏటేటా పాలు, గుడ్లు, పసుపు కుంకుమలు పడీపడీ అది పుట్టే అయిపోయింది. తోటమాలి కొట్టిన కొమ్మల పొట్టంతా దాని చుట్టూ పోసేవాడు.

ఆ పొట్టులోంచి, పుట్టను ఆనుకుని, గుంపుగా లేచాయి. చిన్న చిన్న గొడుగులు, తెల్లటి వంటి మీద ఇటుక రంగు పొలుసులు. అంత చక్కటివి నేను ఆ చలికాలంలో చూడలేదు. నల్లబట్టలు బురదవుతున్నా లెక్కచేయకుండా బోర్లా పడుకున్నాను.

"పుట్టమీదివి," అంది అక్క, సంచి విప్పుతూ. "మన ఊర్ల గిట్లనే లేస్తుండె. మస్తు రుచి."

"ముట్టకక్కా. గది పుట్టనా? మట్టి నువ్వే తెప్పిస్తివి గదా. చెదలున్న పుట్ట మీద లేచేటియి వేరే. గవి వానకాలంల లేస్తయి, కాడ లోపల్దాంక వేరు లెక్క దిగుతది. గిది చూడు, ఇట్ల అంటే ఊడొచ్చింది."

"పాలు పోసినమా లేదా? దీపం పెట్టినమా లేదా? ఇంకా పుట్ట కాదంటవేంది స్వామీ? నాగన్న ఇంటే ఏమనుకుంటడు?"

"నాగన్నతోని నేను మాట్లాడుకుంట. నువ్వు సంచి ముడువు."

"నేనేం తింటున్ననా. సూస్తున్న, గంతే." సంచి ముడిచింది. నేను అద్దం పెట్టి కింది భాగం కూడా తీసుకుని, చెప్పుల్లేని కాళ్లతో స్టూడియోకు నడిచాను. నేను మలుపు తిరిగేదాకా ఆగి, సంచి మళ్లీ విప్పిందని తర్వాత తెలిసింది.

మాల ఉన్న ఇంట్లో పుట్టగొడుగులు వండరు. మా దగ్గర అవీ నీసు కిందికే లెక్క. లేకపోతే మధ్యాహ్నం గిన్నె మూత తీసిన వెంటనే నేను చూసేవాణ్ని.

మర్నాడు తెల్లవారేసరికి అక్క వాంతులతో, విరేచనాలతో గోడకు జారగిలబడి ఉంది. గల్లీ మొదట్లో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌కు పట్టుకుని నడిపించుకుపోయాను. సెలైన్ పెట్టారు. ఏం తిన్నావని అడిగితే "నీ ఉపాసం వంటనే తిన్న" అని కళ్లు మూసుకుంది. కింది వాటాలో ఉండే ఫిర్దౌస్ ఫ్లాస్కులో చాయ్ పట్టుకొచ్చి, నన్ను పక్కకు పిలిచింది.

"విజయ్ భాయ్, గుస్సా కావద్దు. అక్క నిన్న మా ఇంట్ల పుట్టగొడుగులు వండింది. మీ ఇంట్ల మాల ఉన్నది గదా, అందుకని మా పొయ్యి మీద."

"నువ్వు తిన్నవా?"

"నాకు రోజా ఉండె, రంజాన్ల తప్పిన ఉపాసం. ఇఫ్తార్‌కు జర ఉంచు అన్న. మంచిగైనయి అనుకుంట అక్కనే అన్నీ తినేసింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎవరి మీద చూపించను? ఫిర్దౌస్ ఏడుస్తోంది. అక్క చేతికి సూది ఉంది. నా మెడలో మాల ఉంది.

పుట్టగొడుగుల ఫోటోలు పెట్టుకునే వాట్సాప్ గ్రూపు ఒకటుంది మాకు. అందులో కాకినాడ కమలకుమారి గారు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనావిడ. అద్దంలో తీసిన ఫోటోలన్నీ ఆమెకు పంపాను. నిమిషం ఆగకుండా ఫోన్ చేశారు.

"విజయేందర్ గారూ, ఇది ఎవరైనా తిన్నారా?"

"మా అక్క తిన్నదండీ. వాంతులు తగ్గుతున్నయి."

"తగ్గుతాయండీ. అదే దీంతో వచ్చిన చిక్కు. ముందు వాంతులు, తర్వాత మనిషి లేచి కూర్చుంటుంది. అందరూ నయమైపోయిందనుకుంటారు. లోపల లివర్ పోతూ ఉంటుంది. ఫోటో చూసి ఖాయంగా చెప్పకూడదు. కానీ మా అక్కే అయితే ఈ క్షణం పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. ఆవిడ ఎంత బాగున్నా సరే తీసుకెళ్లండి."

పరుగున లోపలికి పోయాను. అక్క మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఇడ్లీ తింటోంది. చట్నీలో ఉప్పు తక్కువైందని ఆయమ్మను మందలిస్తోంది. డాక్టర్ డిశ్చార్జ్ రాసేశాడు. నేను ఫోన్ చూపించి, కమలకుమారి గారు చెప్పినదంతా ఒక్క గుక్కలో చెప్పాను.

"స్వామీ, ఫోటో చూసి ట్రీట్‌మెంట్ చెయ్యలేం," అన్నాడాయన, చాలా మర్యాదగా. "పేషంట్‌ను చూడండి. మీకన్నా హుషారుగా ఉంది."

నిజమే. ఇంటికొచ్చి అక్క స్నానం చేసింది, నా పూజ దీపాలు తోమింది, తడిబట్టలు ఆరేస్తూ పక్క మేడ ఆవిడతో వాన గురించి మాట్లాడింది. నేను వెనకాలే తిరిగాను. పంజాగుట్ట పెద్దాసుపత్రికి పోదాం, ఒక్క రక్తపరీక్ష చేయించుకుని వచ్చేద్దాం అన్నాను. బతిమాలాను, బెదిరించాను.

"మంచిగున్న మనిషిని దవాఖానకు గుంజుకపోతవా స్వామీ? పోవాల్సింది నేను గాదు, నువ్వు. ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు."

"అక్కా, లోపల ఖరాబైతుందంట."

"ఎవలు చెప్పిన్రు? నన్ను సూడకుంట ఫోన్ల చెప్పిందా గామె? పుట్టమీదివి తింటే ఏం గాదు. మన నాయినమ్మ కాలం సంది తింటున్నం."

ఆ నవ్వుతున్న మొహం చూస్తుంటే నాకే అనుమానం వచ్చింది, కమలకుమారి గారు పొరపడ్డారేమోనని. పొరపడి ఉంటే బాగుండునని అయ్యప్పకు మొక్కుకున్నాను కూడా. అయినా ఆమెను వదల్లేదు. చేతనైందల్లా అయిపోయాక, వంటింటి గడపలో ఆమె కాళ్ల మీద పడ్డాను.

మాల వేసుకున్నవాడి కాళ్లకు కన్నతల్లి కూడా మొక్కుతుంది. వాడు వచ్చి కాళ్ల మీద పడితే అక్క హడలిపోయింది. కాళ్లు వెనక్కి లాక్కుని, "లే స్వామీ, నాకు పాపం సుట్టుకుంటది. లే తమ్మీ. వస్త. రేపు పొద్దుగాల్ల పోదాం," అంది. ఇప్పుడే అన్నాను. రేపే అంది. ఎత్తుకుపోదామంటే ఆమె నాకన్నా బరువు, నాకన్నా బలం.

మర్నాడు పొద్దున ముగ్గు వేయడానికి లేవలేదు. నేను వెళ్లి లేపితే కళ్లు తెరిచింది. కళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి.

ఫిర్దౌస్ ఒక పక్కన, నేను ఒక పక్కన పట్టుకుని ఆటో ఎక్కించాం. పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బస్సు, పైన ఫ్లైఓవర్ మీద కూడా కదలని బండ్లు. ఆసుపత్రి బోర్డు అక్కడే కనబడుతోంది. అక్క నా భుజం మీద తల పెట్టి, "ఎందుకు ఆగిన్రు, బోనాల ఊరేగింపా?" అంది. బోనాలు ఆషాఢంలో అయిపోయాయి.

పెద్దాసుపత్రిలో ఎవరూ నా మాట కొట్టిపారేయలేదు. ఫోటోలు తీసుకున్నారు, రక్తం తీసుకున్నారు, చకచకా లోపలికి తీసుకుపోయారు. అంత తొందరగా నమ్మేసరికి నాకు భయమేసింది. సాయంత్రం ఒక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. మందులు ఇస్తున్నాం అంది, లివర్ మార్చాల్సి రావచ్చు అంది.

"నాది తీస్కోండి," అన్నాను.

నాకు పరీక్షలు చేశారు. షుగర్ ఉంది, లివర్‌కు కొవ్వు పట్టింది, పనికిరాదన్నారు. లివర్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో అక్క పేరు కూడా చేర్చారు. ఎవరో ఒకరు పోతే గానీ అక్క బతకదు. ఆ మాట మనసులో అనుకున్నందుకు మళ్లీ శరణు కోరాను. నిన్ననే తెచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. "అని చెప్పలేం. కాదనీ చెప్పలేం," అంది డాక్టరమ్మ. ఆమెను తిట్టాలనిపించింది. ఆమె తప్పు ఏముంది?

మా గురుస్వామి వీర్రాజు గారు ఫోన్ చేశారు. ఆయనది భీమవరం, అమీర్‌పేట్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతారు. ఇరుముడి కట్టే రోజు దగ్గర పడింది.

"ఏంటి స్వామీ, ఎలా ఉందండీ అక్కగారికి?"

"అట్లనే ఉంది గురుస్వామీ."

"మీకు తెలియందేం కాదు. ఇంట్లో అశుభం జరిగితే మాల ఉంచకూడదు. కంగారులో మీ అంతట మీరు తీసేయకండి స్వామీ. నాకు కబురు పెడితే నేనొచ్చి తీస్తాను."

"మీరు రావద్దు," అన్నాను. "మీరు అస్సలు రావద్దు." ఫోన్ పెట్టేశాను. పెద్దాయనతో అలా మాట్లాడటం తప్పే. కానీ ఆయన ఆ వరండాలో కనబడకుండా ఉన్నంతసేపూ అక్క ఉన్నట్టే. నాకు ఇంక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మెడలో పూసలు మాత్రం పట్టుకుని కూర్చున్నాను.

ఐసీయూలోకి ఒక్కసారి వెళ్లనిచ్చారు. అక్క ఒళ్లంతా పసుపు తిరిగింది. నన్ను చూసి పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. స్వామీ అని పిలవలేదు.

"తమ్మీ, గా ఫోటో సూపియ్."

ఏ ఫోటో అని అడగలేదు. ఫోన్ ఆమె మొహం దగ్గర పెట్టాను. తడిసిన పొట్టులో ఎర్ర పొలుసుల గొడుగులు, వాటి వెనక పసుపు పూసిన పుట్ట. చాలాసేపు చూసింది.

"మంచిగున్నయి గదరా. పుట్టమీదివే."

"అవునక్కా," అన్నాను. "పుట్టమీదివే."

సంతృప్తిగా తల ఊపింది. గెలిచింది కదా. అంతకు ముందు ఏ వాదనలోనూ నేను ఆమెకు ఒప్పుకోలేదు.

ఆ మర్నాడు పొద్దున నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. లిఫ్ట్ తెరుచుకుంది. ఫిర్దౌస్ కొంగు నోట్లో కుక్కుకుని దిగింది. ఆమె వెనక వీర్రాజు గారు, నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా. నేను కబురు పెట్టలేదు. డాక్టర్లు నన్ను లోపలికి పిలిచి చెప్పిన మాట ఫిర్దౌస్‌కు మాత్రమే చెప్పాను. ఆమే పిలిచినట్టుంది.

వీర్రాజు గారు నేరుగా నా దగ్గరికి వచ్చారు. నా పక్కన నిలబడి, "తల వంచండి స్వామీ," అన్నారు. వంచాను. మాల నా చెవులకు తగులుతూ పైకి వచ్చేసింది. మెడ బోసిగా, చల్లగా అనిపించింది.

ఇక నియమం లేదు. ఇప్పుడు నేను ఎవరినైనా తిట్టొచ్చు. నర్సింగ్ హోమ్ డాక్టర్‌ను, తోటమాలిని, చౌరస్తాలో బస్సులను, నాగన్నను కూడా. వాళ్లెవరూ నాకు గుర్తు రాలేదు. నేరుగా లోపలికి పోయి అక్క తల దగ్గర నిలబడ్డాను.

"గింత మొండిదానివేందే," అన్నాను. "ముట్టకంటే ముట్టితివి. రమ్మంటే రేపంటివి. ఇఫ్తార్‌కు ఉంచమంటే సుత ఉంచకపోతివి, తిండిపోతుదానా." దీక్ష మొదలైన నాటి నుంచి దాచుకున్నవన్నీ తిట్టాను, ఏడుస్తూ తిట్టాను, గొంతు పోయేదాకా తిట్టాను. నర్సు ఆపబోతే ఫిర్దౌస్ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఒక్కదానికి కూడా అక్క తిరిగి జవాబు చెప్పలేదు.