హార్న్ పెట్టెలో ఆరు కాగితాలు

ఇత్తడి బూర నేర్పే హార్న్ మాస్టారి బావమరిది మట్టి పట్టుకున్నా బంగారమవుతుందని అత్తగారు అంటుంటే, మాస్టారు పైకి నవ్వుతూ లోపల పళ్ళు నూరుకునేవాడు.

ఈసారి పట్టుకున్నది మట్టి కూడా కాదు, దుమ్ము. సంగీత పాఠశాల వెనకగదిలో పాత స్వరాల కాగితాల అలమరాలు పద్నాలుగేళ్ళుగా మాస్టారి అజమాయిషీలోనే ఉన్నాయి. పియానో నేర్పడానికి బావమరిది చేరిన రెండో వారమే ఆ గదిలో దూరి, యూరప్‌లో రొమాంటిక్ కాలం నాటి, అంటే నూటయాభై ఏళ్ళ కిందటి, ఒక సంగీత రచన పట్టుకొచ్చాడు. పియానో, సన్నాయి లాంటి ఓబో, హార్న్ మూడూ కలిపి వాయించేది. రాసినాయన పేరు ఎవరూ విన్నది కాదు. అచ్చయ్యాక దాన్ని ఎవరైనా వాయించారో లేదో కూడా తెలియదు. వాయించడం మొదలుపెడితే బావమరిది వేళ్ళు వదల్లేదట. పత్రికలో బావమరిది ఫొటో పడింది. పాఠశాల పెద్దసారు కచేరీకి తేదీ కూడా పెట్టేశారు. పద్నాలుగేళ్ళు ఆ దుమ్ము పీల్చిన మాస్టారికి దక్కింది తుమ్ములే.

ఒక్కటే లోటు. హార్న్ వాయించేవాడి కాగితాలు లేవు. ఎవరి భాగం వాళ్ళకి విడిగా అచ్చేసే రోజులవి. మిగతా రెండూ చూస్తే హార్న్ సంగతి తెలియదు. ఎన్ని గ్రంథాలయాలకి రాసినా లేవన్నారు.

వారం తిరక్కుండా అవి మాస్టారికే దొరికాయి. పాత బ్యాండు పాటల అట్టల మధ్య, ఆరు కాగితాలు. పరుగెత్తుకెళ్ళి చెప్పాల్సింది. చెప్తే ఏమవుతుంది, వాడి ఫొటో ఇంకోసారి పడుతుంది. మడిచి తన హార్న్ పెట్టెలో, మెత్త కింద దాచేశాడు.

దాచి ఊరుకున్నా బాగుండేది. రోజూ పొద్దున్నే తలుపేసుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాడు. ఏమిటా పాట, బాగుందే అని భార్య అడిగితే పెదాలకి కసరత్తన్నాడు.

అవతల బావమరిది నాలుగు నెలలు కూర్చుని హార్న్ భాగాన్ని తనే ఊహించి రాశాడు. బావ కాక ఇంకెవరు వాయిస్తారంటూ ఇంటికొచ్చి మరీ ఇచ్చాడు. మాస్టారు దాన్ని అసలు కాగితాల పక్కన పెట్టి చూసుకున్నాడు. చాలా చోట్ల దగ్గరగానే వచ్చాడు వెధవ, అని ఇంకాస్త కుళ్ళుకున్నాడు. మధ్యలో, పియానో, ఓబో రెండూ ఆగిపోయే చోట మాత్రం ఏమీ తోచక ఒక్క పొడుగు స్వరం రాసి వదిలేశాడు. అది చూశాకే మాస్టారికి ఆ పూట అన్నం సయించింది.

మొదటి రిహార్సల్లో అక్కడిదాకా బుద్ధిగానే వాయించాడు. పియానో ఆగింది. ఓబో టీచరమ్మ వాద్యం దించింది. నాలుగు నెలల అలవాటు ఊరుకుంటుందా? ఎదురుగా ఉన్న పొడుగు స్వరాన్ని వదిలేసి, పెదాలు అసలు పాట అందుకున్నాయి. ఆపాలని తోచేసరికి పాట అయిపోయింది.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. బావమరిది పియానో మీంచి చేతులు తీసేశాడు.

"ఇప్పటికిప్పుడు బాణీ కట్టావా బావా?"

మాస్టారు దొంగకి తేలు కుట్టినట్టు, హార్న్‌లో చేరిన తేమ విదిలించడంలో మునిగిపోయాడు.

"నాలుగు నెలలు కొట్టుకున్నాను ఆ చోట. నాకు తట్టలేదు. నిజం చెప్పనా, నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది."

ఈ మాట వాడి నోట వినాలని మాస్టారు ఎన్నాళ్ళనుంచి కాచుకున్నాడో. ఊఁ అంటే చాలు, పాట రాసి చచ్చిపోయినాయన లేచొచ్చి కాదనడు. కానీ ఆ కుళ్ళు తన మీద కాదు, ఆ పెద్దమనిషి మీద. ఆ సంగతి తోచగానే మాస్టారికి ఆయన మీదా అసూయ పుట్టింది. ఇక ఇంతమంది మీద కుళ్ళు మోయలేక పెట్టె తెరిచి, కాగితాలు తీసి పియానో మీద పెట్టాడు.

బావమరిది ఒక్కొక్కటే తిప్పాడు. పెన్సిల్ గుర్తులు చూశాడు, నలిగిన మడతలు చూశాడు. ఎప్పట్నుంచని అడగలేదు.

"ఇంటికెళ్ళాక కోప్పడతాను," అన్నాడు చివరికి. "ఇప్పుడు మాత్రం ఇంకా కుళ్ళుగానే ఉంది బావా. ఇన్ని నెలలూ నువ్వొక్కడివే విన్నావు."

తిట్టినా బాగుండేది. పెద్దమనసులో కూడా వీడిదే పైచేయి అయిందని మాస్టారికి కడుపు మండింది. మండుతుండగానే, ఆ పాట వాడికి మళ్ళీ వినిపించడానికి హార్న్ ఎత్తుకున్నాడు.