పొట్టి తూటాలు

ఖాళీ తూటా లోపల అంటుకున్న మాడిన ఆకు ముక్కను సూదితో గీకి తీస్తూ యాకూబు మరోసారి "ఛీ" అన్నాడు. ఆ ముక్కను కాగితం మీదికి విదిలించి, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి మోరీలో వేసి వచ్చాడు. ఏడాదిగా లింగంపేట షూటర్ నగేశ్ పంపే తూటాలన్నిటిలో ఇదే చెత్త. ఆ ఊరి మనుషులకు శుభ్రత ఎందుకుంటుంది అనుకున్నాడు.

కామారెడ్డిలో హన్మండ్లు తుపాకుల మరమ్మతు దుకాణం వెనక గది యాకూబుది. మక్క చేన్లను తవ్విపోసే అడవిపందులను కాల్చడానికి పంచాయతీలు పెట్టుకున్న షూటర్లు, పేలిన ఇత్తడి తూటాలను ఇక్కడికి పంపుతారు. వాటిని కడిగి, ఆరబెట్టి, మూతులు కోసి పంపడం యాకూబు పని. మందూ గుండ్లూ వాళ్ళే నింపుకుంటారు. వచ్చే తూటాలు మసి కంపు, బురద కంపు, ఒక్కోసారి పంది నెత్తురు కంపు కొడతాయి. వాటిని తెచ్చే మనుషులు గుట్కా కంపు కొడతారు. యాకూబుకు అందరూ అసహ్యమే. ఇంట్లో భార్య గ్లోరీ కడిగిన కంచాన్ని మళ్ళీ కడుక్కుని గానీ అన్నం పెట్టించుకోడు. చర్చిలో మొదటి వరసలో కూర్చునేది భక్తితో కాదు, ప్రభువు బల్ల గిన్నె ఇంకొకరి మూతి తగలకముందే తనకు అందుతుందని. ముప్పై ఏళ్ళ కాపురంలో గ్లోరీ దీనికి నవ్వడం మానేసింది.

బల్ల అంచుకు బిగించిన, మూతులు కోసే ట్రిమ్మర్ మాత్రం అతనికి ముద్దు. హన్మండ్లు మోటారుది కొందామన్నప్పుడు హైదరాబాదు దాకా వెంట వెళ్ళి వద్దన్నది అతనే. మోటారుకు తొందరెక్కువ, బ్లేడు ఒక పక్క ఎక్కువ కోస్తే చేతికి తెలియదు అన్నాడు. చేత్తో తిప్పేదే తీయించాడు. అదైనా మూడు చూసి, తూటా మడమను, అంటే అడుగు అంచును, కదలకుండా పట్టుకునేదీ, బ్లేడు మూతి చుట్టూ ఒకేసారి ఆనేదీ ఏరుకున్నాడు. పేలిన ప్రతిసారీ ఇత్తడి కాస్త సాగుతుంది. సాగినంత మేర కోసెయ్యాలి. కోత ఎక్కడ ఆగాలో దానికున్న మరమేకు ఒకటి చెబుతుంది. రోజూ పొద్దున నిన్న కోసిన వాటిలో తళతళలాడే తూటా ఒకటి పెట్టి, దాని పొడవుకు ఆ మర బిగిస్తాడు. తర్వాత పిడి తిప్పితే సన్నని ఇత్తడి పొట్టు రాలుతుంది. మూతి లోపలా బయటా గరుకు తీసి, వేలితో నిమిరి చూసి పక్కన నిలబెడతాడు. లోకంలో శుభ్రంగా ఉన్నవి అవే అని అతని నమ్మకం.

ఆ పొద్దు హన్మండ్లు వెనక గదికి వచ్చాడు.

"యాకూబన్నా, జర లింగంపేట పోయి రావాలె. నగేశ్ కాడున్న మన తూటాలు పట్టుకరా. ఇగ మన దుకాణంల అడుగు పెట్టొద్దని చెప్పు."

కిందటి వారం పంది మీదికి వస్తుంటే నగేశ్ తుపాకీ పేలింది గానీ గుండు తగల్లేదు. పంది అతని తొడ చీల్చింది. తూటాల్లోనే తప్పుందని నగేశ్ కబురు పెట్టాడు. ఆ మాటకు యాకూబు మండిపడి, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని దుకాణానికొచ్చిన షూటర్లందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. ఈ దుకాణం కాదంటే నగేశ్‌కు తూటాలు లేవు. తూటాలు లేకపోతే పంచాయతీ ఇంకో షూటర్ని చూసుకుంటుంది. ఆ ఇంటికి ఇక మిగిలేది భార్య చుట్టే బీడీలే.

"మంచిగ చెప్తా సేటూ," అన్నాడు యాకూబు. ముఖం వెలిగింది.

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన, సీటు తుడుచుకుని కూర్చున్నాడు. ముందు సీటాయన ఉమ్మినప్పుడల్లా తల లోపలికి లాక్కున్నాడు. లింగంపేటలో దిగి, కోళ్ళ రెట్టలు తప్పించుకుంటూ నగేశ్ ఇంటికి చేరాడు. నగేశ్ మంచం మీద ఉన్నాడు, తొడకు కట్టు. గడప దగ్గర భార్య వినోద చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పొగాకు ఘాటు తగిలి యాకూబు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"కూసో కాకా," అంది వినోద. లోపలి నుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. యాకూబు కూర్చోనూ లేదు, నీళ్ళూ ముట్టలేదు. నిలబడే చెప్పదలచింది చెప్పేశాడు. నగేశ్ కళ్ళు మూసుకున్నాడు.

వినోద లేచి తూటాల సంచీ తెచ్చి అతని ముందు పెట్టింది. దాని పక్కనే ఒక డబ్బా బోర్లించింది. గుండ్రంగా కోసిన తునికాకు బిళ్ళలు నేల మీద పరుచుకున్నాయి.

"గివి గూడ పట్టుకపో. మాకింకేం పని వీటితోని?"

"ఏందివి?"

"ఊకో వినోదా," అన్నాడు నగేశ్.

"నేనెందుకు ఊకుంట? కాకా, నీ తూటలు ఏడాది సంది పొట్టిగొస్తున్నయి. మూతి కాడ పట్టు లేక గుండ్లు జారి పడుతున్నయి. అందుకే బిళ్ళ కోసి ఉమ్ముతోని తడిపి అతికిస్తున్నం. మొన్న వానకు బిళ్ళ ఊడింది, గుండ్లన్నీ చేన్ల పడ్డయి. తొడ చీరిపాయె."

నగేశ్ దిండు కింద నుంచి పాత తూటా ఒకటి తీశాడు. యాకూబుకు పని నేర్పి పోయిన జాన్ కోసిన తూటా అది. యాకూబు సంచీలోంచి తాను కోసిన తూటా ఒకటి తీసి దాని పక్కన నేల మీద నిలబెట్టాడు. తనది గోరు మందం తక్కువగా ఉంది. మరొకటి పెట్టాడు. అదీ అంతే.

జాన్ ఇచ్చిన నమూనా తూటా అతనికి గుర్తొచ్చింది. చిలుము పట్టి పచ్చగా ఉండేది. ముట్టుకోబుద్ధి కాక ఒకరోజు మోరీలో పారేశాడు. అప్పటి నుంచి నిన్నటి తూటాను చూసి ఇవాళ్టిది కోస్తున్నాడు. కోసిన ప్రతిసారీ వెంట్రుకవాసి తగ్గుతూ వచ్చింది.

"మేం కొలత రేకు పెట్టి ఆకు కోస్తం కాకా," అంది వినోద మెల్లగా. "కోసిన ఆకును పెట్టి ఇంకోటి కోస్తే బీడీలు పొట్టిగైతయి. కంపెనీవోళ్ళు తీస్కోరు."

"ముందుగాల నాకెందుకు చెప్పలే?"

నగేశ్ అతని వైపు తిరిగాడు. "ఎట్ల చెప్పాలె కాకా? దగ్గరికొస్తేనే ఛీ అంటవు. నిన్ను జూస్తె దుకాణంల అందరికీ భయమే."

ఎవరి కంపు వారికింపు అంటారు. అన్ని కంపులూ పసిగట్టిన ఆ ముక్కుకు తన చేతి కంపు ఇన్నాళ్ళూ తెలియలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. వినోద మళ్ళీ నీళ్ళు ఇచ్చింది. తాగాలనే గ్లాసు పట్టుకున్నాడు, పెదాల దాకా తెచ్చాడు. పొగాకు వాసన తగిలింది. తాగలేక కింద పెట్టేశాడు. అందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

తూటాల సంచీ అక్కడే వదిలి, ఒక్క ఆకు బిళ్ళ జేబులో వేసుకుని వచ్చిన దారినే బస్సెక్కాడు.

దుకాణం ముందు మాచారెడ్డి, పిట్లం షూటర్లు కూర్చుని ఉన్నారు. యాకూబు హన్మండ్లును వెనక గదికి పిలిచి జరిగిందంతా చెప్పాడు. హన్మండ్లు గొంతు తగ్గించాడు.

"గంతేనా? రేపటి సంది మర సరిగ్గ పెట్టు. నగేశ్‌దే తప్పని ఊరూరూ చెప్పినం గదా. గది గట్లనే ఉండనీ. మన దుకాణం పేరు పోతది."

ఆ రోజు యాకూబు చూసినవాటన్నిటిలో ఆ మాటంత రోత ఏదీ లేదు. అతను బయటికి వచ్చి, కూర్చున్నవాళ్ళ ముందు నిలబడ్డాడు.

"నగేశ్ తప్పు లేదు. నేనే తూటలు పొట్టిగ కోసిన. మీయి గూడ గట్లనే ఉన్నయి, వాడకుండ్రి." ఆకు బిళ్ళ తీసి వాళ్ళ ముందు పెట్టాడు. "గిది బెట్టి నా తప్పు కప్పిండు వాడు."

పిట్లం మనిషి తన సంచీలోంచి ఒక తూటా తీసి ఎగాదిగా చూశాడు. యాకూబు నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు, చెప్పులేసుకున్నాడు.

"ఏడికన్నా?" అన్నాడు హన్మండ్లు.

"ఇంటికి."

మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. హన్మండ్లు కబురు పెడితే, ఇక రాడని గ్లోరీ చెప్పి పంపింది. నగేశ్ తొడ మానాక పిట్లం మనిషే బండి మీద ఎక్కించుకుని దుకాణానికి తెచ్చాడు. నగేశ్ చేతులు కడుక్కోవడానికి వెనక నల్లా దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మేకుకు, వేరెవరూ ముట్టకూడదని చిన్న గుడ్డసంచిలో కట్టి వేలాడదీసిన యాకూబు ఎర్ర సబ్బు, సగం అరిగి, ఎండి పగుళ్ళిచ్చి ఉంది.