పెన్సిలు పడదు

"ఏమైనా అయితే?"

తల్లి ఆ మాట ఆసుపత్రి గేటు దగ్గరే అంది. ఇంకా లోపలికి అడుగు కూడా పెట్టలేదు.

"ఏమవుతుందమ్మా? వేలి మీద గడ్డ. కోస్తారు, చీము తీస్తారు, కట్టు కట్టి పంపిస్తారు."

"అదే, కోసేటప్పుడు ఏమైనా అయితే?"

"కోసేది వేలు. మెడ కాదు."

"నోరు ముయ్యవే! పొద్దున్నే అవేం మాటలు?"

కూతురు నవ్వి ముందుకు నడిచింది. ఆ పిల్ల బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. సోమవారంనాడు సూది కుడిచేతి చూపుడువేల్లోంచి అవతలికి వచ్చింది. గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ పనిలో కూర్చుంది. గురువారానికి వేలు నిగనిగలాడుతూ రెండింతలైంది.

తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. చేతులు చొక్కా మీద ఉన్నా మనసు మాత్రం ఎప్పుడూ ఎక్కడో ఒక ప్రమాదం దగ్గర ఉంటుంది. కూతురు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆ పది నిమిషాల్లోనూ బస్సు బోల్తా పడుతుంది, ఫ్యాక్టరీ అంటుకుంటుంది, లిఫ్టు తెగుతుంది. తీరా పిల్ల గుమ్మంలోకి వచ్చాక, "ఎక్కడ చచ్చావే ఇంతసేపు" అని తిట్టి, అన్నం పెడుతుంది. ఏం పెట్టినా ముందొక హెచ్చరిక. ఇది నీకు పడదు, అది నీకు పడదు. వీధిలో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. అందరికీ ఆమె పడదమ్మే.

లోపల బల్ల వెనక ఒక నర్సు కూర్చుని ఉంది. కళ్లకింద నలుపు, చెప్పుల్లోంచి సగం బయటికి తీసిన పాదాలు. ముందున్న వరుస గుమ్మం దాటి మెట్ల మీదికి పోయింది. వీళ్ల వంతు వచ్చాక నర్సు వయసు రాసుకుంది, దెబ్బ ఎలా తగిలిందో రాసుకుంది. తల ఎత్తకుండా అడిగింది.

"ఏవైనా మందులు పడవా?"

అడిగింది పిల్లని. అందుకున్నది తల్లి.

"అయ్యో, దీనికి ఏం పడతాయి గనకమ్మా! వంకాయ పడదు. చన్నీళ్లు పడవు. ఫ్యాను గాలి నేరుగా తగిలితే పడదు. కొత్త సబ్బు పడదు. బస్సులో వెనక సీటు..."

"మందులండీ, మందులు."

"అదే చెబుతున్నాగా. ఎర్ర దగ్గుమందు పడదు. పెన్సిలు పడదు. అదేదో ఆకుపచ్చ మాత్ర..."

నర్సు కలం ఆగింది. "పెన్సిలా?"

"పెన్సిలే. మిగతావి రాసినా రాయకపోయినా అది మాత్రం రాసుకోండి. అస్సలు పడదు."

నర్సు పెదవి బిగబట్టుకుని పిల్లవైపు చూసింది. "రబ్బరు పడుతుందా మరి?"

"రబ్బరు పడుతుంది సిస్టర్. స్కేలు కూడా పడుతుంది," అంది పిల్ల. ఇద్దరూ ఒక్కసారే పకపకా నవ్వారు. వరుసలో వెనకున్నవాళ్లు కూడా, ఏమిటో తెలియకపోయినా, నవ్వారు. పొద్దుటినుంచి ఆ నర్సు మొహాన నవ్వు కనిపించడం అదే మొదలు.

"మా అమ్మ చిన్నప్పుడు నన్ను పెన్సిలు ముట్టుకోనిచ్చేది కాదు," అంది పిల్ల కళ్లు తుడుచుకుంటూ. "క్లాసంతా పెన్సిళ్లతో రాస్తుంటే నేనొక్కదాన్నే పెన్ను. తప్పు రాసి కొట్టేస్తే టీచరు నన్ను కొట్టేది. ఈవిడ మాటలు రాస్తూ కూర్చుంటే మీ పుస్తకం చాలదు సిస్టర్. ఏమీ లేవని రాసేయండి."

"ఏమే, పెన్సిలు..."

"అమ్మా! వెనక అంతమంది నిలబడ్డారు. నీకు దండం పెడతాను, కాసేపు ఊరుకో."

నర్సు 'లేవు' అని రాసింది. కింద గీత గీసింది. కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి పిల్ల ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లలా, వంకరటింకరగా సంతకం పెట్టింది.

తల్లి నోరు మూసుకుంది. పదిమందిలో నవ్వులపాలవడం ఆమెకు కొత్త కాదు. అయినా చెవులు వేడెక్కాయి.

వార్డులో మంచం ఇచ్చారు. ఎదురుగోడ మీద పెద్ద బోర్డు. 'రోగుల హక్కులు, బాధ్యతలు' అని పైన నీలం అక్షరాలు. తల్లి చదివింది ఐదో తరగతి. బస్సు బోర్డులు చదవగలదు గానీ ఇంత పొడుగు వాక్యాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. చేసే పని లేక కూడబలుక్కుంది. రోగి తన జబ్బు గురించి తెలుసుకోవచ్చు. తన కేసు కాగితాలు చూడవచ్చు. అర్థం కానిది అడగవచ్చు. అవి హక్కులు. అవతలి వరుసలో బాధ్యతలు. గతంలో వచ్చిన జబ్బులు, పడని మందులు దాచకుండా చెప్పవలెను.

'నేను చెప్పాను,' అనుకుంది తల్లి. కాస్త ఊపిరి పీల్చుకుంది.

పక్కమంచం మీద మోకాలికి కట్టుతో ఒక పెద్దావిడ పడుకుని ఉంది. "ఏం తల్లీ, కాన్పుకి తెచ్చావా ఏమిటి, అంత కంగారు పడుతున్నావ్?" అంది.

"వేలండీ."

"వేలా! మా ఇంట్లో అయితే తలుపుసందులో పెట్టి నొక్కేసేవాళ్లం."

పిల్ల కిసుక్కున నవ్వింది. ఇంతలో ఆ నర్సే ట్రే పట్టుకుని వచ్చింది. ఎడమచేతి నరానికి పెట్టిన గొట్టంలోకి సూదిమందు మెల్లగా ఎక్కించింది. "గడ్డ కొయ్యడానికి ముందు ఇది ఇవ్వాలి. గంటలో లోపలికి తీసుకెళతారు."

"అదేం మందమ్మా?"

"చీము పట్టకుండా ఉండేది," అని నర్సు తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

రెండు నిమిషాలు కూడా కాలేదు.

"అమ్మా, అరచేతులు దురదగా ఉన్నాయి," అంది పిల్ల.

"గోకకు."

"తల మీద కూడా... అమ్మా..."

తల్లి తిరిగి చూసింది. పిల్ల మెడ మీద ఎర్రని దద్దుర్లు పాకుతున్నాయి. చూస్తుండగానే పై పెదవి ఉబ్బింది. కళ్లు గీతల్లా అయిపోయాయి. పిల్ల ఏదో అనబోయింది. మాట రాలేదు, ఈల లాంటి శబ్దం వచ్చింది.

ఇరవై మూడేళ్లుగా ఆమె ప్రతిరోజూ ఈ క్షణాన్నే ఊహించుకుంటూ వచ్చింది. ఊహల్లో తాను అరిచేది, గుండెలు బాదుకునేది, పరుగెత్తేది. ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కూతురి మొహం కూతురి మొహంలా లేదు. అయినా ఆ మొహాన్ని తాను ముందొకసారి చూసింది. అచ్చం ఇదే.

అరిచింది పక్కమంచం పెద్దావిడ. "ఎవరక్కడ! పిల్లకి ఊపిరాడటం లేదు! రండర్రా!"

ఆ తర్వాత అంతా కాళ్లు, చేతులు, చక్రాల చప్పుడు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. తొడలో సూది పొడిచింది. కాళ్లు ఎత్తిపెట్టమంది. మొహానికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఎవరో తల్లిని భుజాలు పట్టుకుని వెనక్కి లాగారు. తెర అడ్డంగా పడింది. తెర కింద అందరి చెప్పులు కనిపిస్తున్నాయి. ఆ నర్సు చెప్పులు కూడా. ఒక చెప్పు ఊడిపోయి పక్కకి పడి ఉంది, ఆమె దాన్ని తొడుక్కోవడం లేదు.

తల్లి ఆ చెప్పునే చూస్తూ నిలబడింది. ఎంతసేపో ఆమెకు తెలియదు. గోడ గడియారం ప్రకారం పావుగంట.

తెర తొలగింది. పిల్ల ఉబ్బిన మొహంతోనే కళ్లు మూసుకుని పడుకుంది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది.

"గండం గడిచింది," అంది డాక్టరమ్మ. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. "ఇవాళంతా కనిపెట్టి ఉండాలి. అమ్మా, ఇలా చూడండి. ఈ అమ్మాయికి ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా?"

"అయిందండీ." అంది తల్లి. "మూడేళ్లప్పుడు. జ్వరమొస్తే తీసుకెళ్లాం. అక్కడ సూది వేశారు. నేను డబ్బుల సంచి వెతుక్కుంటుంటే ఇది బల్ల మీది పెన్సిలు తీసుకుని నోట్లో పెట్టుకుంది. అంతే, మొహమంతా ఇలాగే... బతికించారు. ఆ డాక్టరుగారు మంచాయన. నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఈ పిల్లకి ఇది పడదు, ఎక్కడికెళ్లినా ముందు ఈ మాట చెప్పు, మరిచిపోకు అన్నారు. నేను మరిచిపోలేదండీ. ఆ రోజునుంచి మా ఇంట్లో పెన్సిలన్నది లేదు."

ట్రేలోంచి తీసి చూస్తున్న మందుసీసా డాక్టరమ్మ చేతిలో కదలకుండా ఆగిపోయింది.

"ఏం పడదన్నారాయన?"

"పెన్సిలు."

"పెన్సిలు అన్నారా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. పెన్సిలిన్ అన్నారా?"

తల్లి ఆ మాటను పెదవుల మీద తిప్పుకుంది. పెన్సిలిన్. చివర ఒక్క చిన్న మూలుగు. ఇరవై ఏళ్ల కిందటి ఆ గదిలో, పిల్ల ఏడుపు మధ్య, ఆ మూలుగు ఎక్కడో జారిపోయింది. పిల్ల పిడికిట్లో పెన్సిలు కనిపిస్తూనే ఉంది, చెవికి అదే వినిపించింది.

"అదేమిటండీ?" అని అడిగింది.

"మందమ్మా. సూదిమందు. ఇప్పుడు మేమిచ్చింది కూడా ఆ జాతిదే."

తల్లి మంచం ఊచ పట్టుకుంది. తాను కాపలా కాసింది దేనిని! బడిసంచీ రోజూ దులిపి వెతికింది. పక్కింటి పిల్ల ఇచ్చిన రంగు పెన్సిళ్ల పెట్టె పొయ్యిలో పడేసింది. పిల్ల రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చింది. అంత కాపలా కాసి, ఆ సూదిమందు ఎక్కుతుంటే పక్కనే కూర్చుని చూసింది.

"నేనేనా?" అంది. ఎవరినీ అడగలేదు. "నేనేనా చంపబోయింది?"

"అలా ఎవరూ అనడం లేదు. పెన్సిలు అని చెప్పినా చాలు, మేం ఇంకో ప్రశ్న అడిగి తెలుసుకోవాలి. కానీ ఇక్కడ..." డాక్టరమ్మ కేసు కాగితం తిప్పింది. మొహం చిట్లించింది. "పడని మందులు లేవని ఉంది. మీరు ఇక్కడ ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"చెప్పానండీ."

"చెబితే రాస్తారు కదా."

కోపంగా అనలేదు. మామూలుగా అంది. ఆ మామూలు మాటే తల్లిని కుదిపేసింది. నిజంగా చెప్పానా? వంకాయ చెప్పాను. బస్సు సీటు చెప్పాను. ఆకుపచ్చ మాత్ర తర్వాత పిల్ల కసిరింది. ఆ లోపల పెన్సిలు అన్నానా, అనబోయి ఆగిపోయానా? తల మొద్దుబారింది. నవ్వులు గుర్తున్నాయి, మాటలు గుర్తులేవు. వీధంతా నవ్వినప్పుడు చెప్పిన వెయ్యిసార్లు కలగాపులగమై ఇవాళ్టిది ఏదో తెలియడం లేదు. ఒక డాక్టరు కూర్చోబెట్టి ఒక్క మాట అప్పజెప్పాడు. చెప్పవలసిన రోజున చెప్పానా, లేదా?

"ఆ కాగితం నాకు చూపిస్తారా? చూడవచ్చని అక్కడ రాసి ఉంది," అంది బోర్డువైపు చెయ్యి చూపిస్తూ.

డాక్టరమ్మ ఒక్కక్షణం ఆగి, కాగితం ఇచ్చింది. తల్లి వేలు పెట్టి చదువుకుంది. లే. వు. కింద గీత. ఇంకా కింద కూతురి ఎడమచేతి సంతకం, చీమ సిరాలో పడి నడిచినట్టు.

పిల్లే రాయించిందని చెప్పవచ్చు. కానీ ఆ ఉబ్బిన పెదవుల మీద తప్పు ఎలా పెట్టడం? కాగితం తిరిగి ఇచ్చేసింది. నర్సు మంచం అవతలివైపు నిలబడి ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది.

"అమ్మా," అంది తల్లి ఆమెతో. "నిన్నేదో అనాలని కాదు. నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. పొద్దున నేను ఆ మాట చెప్పానా? చెప్పలేదంటే చెప్పలేదను, నేనేమీ అనుకోను. నాకు తెలియాలంతే."

నర్సు ట్రేలోని దూదిని సర్దింది. సర్దిన దూదినే మళ్లీ సర్దింది.

"సిస్టర్," అంది డాక్టరమ్మ.

సెలైను చుక్క తర్వాత చుక్క పడుతోంది. గుమ్మం దగ్గర ఎవరో నర్సును పిలిచారు, ఆమె తిరగలేదు. ఆమె చూపు కాగితం మీద ఉంది, తాను గీసిన గీత మీద. ఆ గీత అలాగే ఉంటే ఆమెకు ఏమీ కాదు. కింద సంతకం ఉంది. రోగి లేవని చెప్పింది, రోగి సంతకం పెట్టింది, అక్కడితో అయిపోతుంది. ఆ సంగతి నర్సుకీ డాక్టరమ్మకీ తెలుసు. తల్లికి కూడా, ఆలస్యంగా, తెలిసింది. తెలిశాక ఆమె ఆశ వదులుకుంది. తల దించుకుని, కూతురి కాళ్ల మీద దుప్పటి సరిచేసింది. పాదాలు చల్లగా ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుని రుద్దసాగింది.

సెలైను సీసా సగానికి దిగింది.

"చెప్పారు, మేడమ్," అంది నర్సు. "నాకు నవ్వొచ్చింది. రాయలేదు."