ఢాయీ అంటే ఎంత?

నా హిందీ మీద నాకు మహా నమ్మకం. బాపట్ల నుంచి ఢిల్లీ వచ్చి మూడేళ్లే అయినా కూరగాయలవాడితో పోట్లాడి గెలిచేదాన్ని. అందుకే 2009లో మా ఆసుపత్రివాళ్లు పిల్లల విభాగం ఫోన్ డెస్క్ ఇస్తే ఎగిరి గంతేశాను. ఇంటికెళ్లిన పిల్లల తల్లులు ఫోన్ చేస్తే ఏ మందు ఎంత పొయ్యాలో చెప్పడం నా పని.

ఆ సాయంత్రం జనక్‌పురి నుంచి ఒకావిడ హిందీలో అడిగింది, ఏడాది పాపకు ఆరింటికి ఫిట్స్ మందు ఎంత పొయ్యాలని. కంప్యూటర్లో ఒకటిన్నర ఎం.ఎల్. అని ఉంది.

"ఢాయీ" అన్నాను.

"ఢాయీ?" అని సాగదీసింది. నాకు ఒళ్లు మండింది. చెప్పింది చెయ్యమని హిందీలోనే కసిరి ఫోన్ పెట్టేశాను.

ఇంకో రెండు ఫోన్లయ్యాక రిజిస్టరు రాస్తుంటే, పక్క కుర్చీలోని నర్సు ఫెయిత్ తొంగిచూసింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లే.

"ఆంటీ, యే తో డేఢ్ హై! ఆప్‌నే ఢాయీ బోలా. ఢాయీ మతలబ్ టూ పాయింట్ ఫైవ్!"

ఒకటిన్నరను డేఢ్ అనాలట. నేను చెప్పింది రెండున్నర! ఆ మందు ఎక్కువైతే పసిపిల్లకు ఊపిరి మందగించవచ్చు. అప్పటికే ఆరు దాటింది. ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. మూడోసారి కలిసింది.

"పోసేశావా తల్లీ?" కంగారులో తెలుగులోనే అరిచాను.

"అక్కా, మీరు తెలుగోళ్లా? ఇంక పొయ్యలే. చీటీల రాత సరిగ్గ తెల్వక అడిగిన. ఒకటిన్నర లెక్క ఉంది, మీరు ఢాయీ అంటిరి. మళ్ల అడిగితే తిడ్తరని మా ఆయనకు ఫోన్ చేస్తున్న."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఊరికే అనలేదు.

వాళ్లింట్లో కంప్యూటర్ ఉందట. వీడియో కాల్‌లో కెమెరా పెట్టించి, సూది లేని సిరంజిలోకి మందు లాగమన్నాను. ఎంతో తననే చెప్పమన్నాను. "ఒకటిన్నర" అంది. మందు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది. పాప మందు మింగి మూతి ముడుచుకుంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"తప్పు నాదేనమ్మా. ఈసారి అనుమానమొస్తే ఏం చేస్తావు?"

"మీకే చేస్త అక్కా" అని నవ్వింది. "ఈసారి మిమ్మల్ని ఫోన్ పెట్టనియ్య."