అక్క చేతికి తగ్గ మౌస్

బుజ్జి అంటే ఏ పసివాడో అనుకునేరు. మీసాలూ బొజ్జా ఉన్న మనిషి, లిఫ్టుల మెకానిక్కు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్లకి బయటినుంచి కబుర్లు చెప్పి, ఏడుపు మాన్పించి, క్షేమంగా దించగల ఘనుడు. ఇంట్లో మాత్రం అమ్మకీ అక్కకీ ఇంకా బుజ్జే. ఆ బుజ్జికి ఒక తెగులుంది. ఏది కదలనని మొరాయించినా దానికి బరువెక్కువైందనే అంటాడు. బీరువా తలుపు బిగుసుకున్నా అదే మాట, మిక్సీ తిరగకపోయినా అదే మాట. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

అందుకే అక్క కుడిచెయ్యి మొరాయించినప్పుడు వాడు ముందుగా ఆమె కంప్యూటరు మౌస్‌ని అనుమానించాడు.

డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు పాపం. కండరాలు సన్నబడిపోయే జబ్బు, వేళ్లతో మొదలైంది, పైకి పాకుతుంది, మందు లేదు. మెల్లగానే చెప్పాడు. ఎంత మెల్లగా చెప్తే మాత్రం ఆ మాట ఇంకో మాటవుతుందా? అమ్మ పర్సు మూతని తెరుస్తూ మూస్తూ కూర్చుంది. అక్క తన చేతిని తానే వింతగా చూసుకుంది. బుజ్జి మాత్రం మెట్లు దిగుతూనే, "బలం తగ్గింది, అంతే కదా? అయితే మనం బరువు తగ్గిద్దాం. ఆ పాత మౌస్ ఇటుకరాయిలా ఉంటుంది. దాన్ని పొద్దస్తమానం తోస్తే ఎవరి చెయ్యైనా పడిపోతుంది" అన్నాడు.

అమ్మ, "ఏదో ఒకటి చెయ్యి నాయనా" అంది.

అక్క పనంతా ఆ మౌస్‌తోనే మరి. టైల్స్ కంపెనీకి ఇంట్లో కూర్చునే డిజైన్లు గీస్తుంది. బాత్రూముల గోడల మీద మనం చూసీ చూడనట్టు వదిలేసే ఆ పూలూ తీగలూ గళ్లూ ఎవరో ఒకరు గియ్యాలి కదా, ఆ ఎవరో ఒకరు మా అక్కేనని బుజ్జి ఏ లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్లినా చెప్పుకునేవాడు. పగలు టైల్స్, సాయంత్రం ఆట. తుపాకుల ఆట. అక్క గదిలో ఒక కంప్యూటరు, గోడకి ఇవతల బుజ్జి గదిలో ఒకటి. ఇద్దరూ ఒకే జట్టు. ఆమె ముందు, వాడు వెనక. చిన్నప్పుడు రోడ్డు దాటించిన పద్ధతే అది. ఏ గోడ చాటున ఎవడున్నాడో అక్కకి ఇట్టే తెలిసిపోయేది. "ఒరేయ్ బుజ్జీ, నీ వెనకాల!" అని ఆమె గోడ మీద దబదబా బాదిందంటే వీడు తిరిగి చూసేలోపే ఆ వెనకాలవాడు కుప్పకూలిపోయేవాడు. ఆట మధ్యలో కుర్చీలోంచి లేచినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి. ఇది అమ్మ పెట్టిన చట్టం. దానికి భయపడి ఇద్దరూ ఇల్లు కూలినా లేచేవాళ్లు కాదు.

అలాంటి అక్క ఈమధ్య ఎదురుగా నిలబడ్డవాణ్ని కూడా కొట్టలేకపోతోంది. అది చూడటం బుజ్జి వల్ల కావడం లేదు. అక్క ఆ మౌస్ పట్టుకున్నంతకాలం ఏమీ కానట్టే. అది వదిలేసిన రోజున డాక్టరు చెప్పింది నిజమైపోతుంది. వాడి లెక్క అదీ.

కంప్యూటర్ల షాపతను చాలా ఓపికమంతుడు. "ఆటకీ కావాలి, రోజంతా పనికీ కావాలి. చేతిలో ఉన్నట్టే తెలియకూడదు. మా అక్కకి చెయ్యి బాగాలేదు" అని బుజ్జి అనగానే అక్కని కూర్చోబెట్టి, బల్ల మీద రకరకాల మౌసులు వరసగా పరిచాడు.

"వైరు లేనివి చూడ్డానికి బావుంటాయి సార్, కానీ లోపల బ్యాటరీ ఉంటుంది, దాని బరువు దానిదే. వైరున్నవి తేలిక, కానీ వైరు వెనక్కి లాగుతుంది. ఇది చూడండి, ఒంటినిండా చిల్లులే. బరువు తగ్గించడానికే చిల్లులు పెట్టారు."

బుజ్జి ఒక్కొక్కటీ అరచేతిలో ఎగరేసి చూశాడు. ఇది బరువు, ఇదీ బరువే, ఇది పర్వాలేదు. పెళ్లిసంబంధాలు చూసినట్టు చూశాడు. చిల్లులది చేతికి రాగానే వాడి మొహం చింకిచేటంత అయింది. "అక్కా! ఇది పట్టుకో. ఉత్త గుల్ల!" అంటూ తెచ్చి అక్క చేతి కింద పెట్టాడు. అక్క చెయ్యి దాని మీద ఆనింది. కాసేపు అలాగే ఉంచి, తమ్ముడి మొహం వంక చూసి, "బావుందిరా. ఇదే తీసుకో" అంది.

"మిగతావి కూడా ఒకసారి చూడండి మేడమ్" అన్నాడు షాపతను.

"వద్దండీ, ఇదే బావుంది."

ఇంటికొచ్చాక వాడికి ఆ తేలిక కూడా చాలలేదు. మౌస్ పొట్ట విప్పాడు. రంగురంగుల లైట్లెందుకు, పీకేశాడు. లోపలి ప్లాస్టిక్ ఎక్కడ మందంగా కనబడితే అక్కడ ఆకురాయి పెట్టి గీకేశాడు. వైరు లాగుతుందన్నాడు కదా షాపతను, దానికీ విరుగుడు కనిపెట్టాడు. కర్టెను కడ్డీకి చిన్న కప్పీ బిగించి, వైరుని దారంతో పైనుంచి వేలాడదీసి, దారం రెండో కొసకి ఒక నట్టు కట్టాడు. లిఫ్టుకి తూకం కట్టినట్టన్నమాట. మౌస్ ఎటు కదిలినా నట్టు పైకీ కిందికీ ఆడుతుంది, వైరు బరువు చేతి మీద పడదు.

"కర్టెన్లు కట్టుకునే చోట ఈ ఉరితాళ్లేమిట్రా?" అంది అమ్మ.

"నీకు తెలీదులేమ్మా" అన్నాడు బుజ్జి, చేతులు దులుపుకుంటూ. అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి వాడికి గెలిచినంత సంబరమైంది.

మర్నాటి నుంచీ మళ్లీ సాయంత్రాలు మొదలయ్యాయి. కానీ అక్క ఆట ఏం మెరుగవ్వలేదు సరికదా, మరీ అన్యాయమైపోయింది. తలుపులకి గుద్దుకుంటోంది. ఆకాశంలోకి కాలుస్తోంది. ఒకసారైతే గోడ వైపు తిరిగి తుపాకీలో తూటాలన్నీ గోడకే సమర్పించుకుంది.

"అక్కా! గోడ నీకేం ద్రోహం చేసింది?" అని బుజ్జి అరిచేవాడు.

"కొత్త మౌస్ కదరా, అలవాటవ్వాలి" అని అవతల్నుంచి అక్క గొంతు.

"కళ్లు నెత్తికెక్కాయా? కుడిపక్క! కుడిపక్క చూడు!"

అవతల కాసేపు గుసగుసలు, ఆ తర్వాత తుపాకీ ఎడమపక్కకి తిరిగేది. అమ్మ ఆ గదిలో ఉన్నట్టు వాడికి వినబడుతూనే ఉండేది. కాఫీ తాగిస్తోందేమో, జడ వేస్తోందేమో అనుకున్నాడు. ఆవిడకి ఆ ఆటంటే గిట్టదు. ఆ కాల్చుకోవడాలు వింటే గుండెదడ అంటుంది. వాడి దిగులల్లా మౌస్ గురించే. ఇంకా బరువుందేమో, ఇంకాస్త గీకనా అని అడిగితే, "చాల్రా, ఇంకా గీకితే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది" అనేది అక్క. పగలు టైల్స్ పని బానే సాగుతోంది కదా, కంపెనీవాళ్లు మెచ్చుకుంటున్నారు కదా, మరి ఆటలో ఏమైందని వాడు డ్యూటీలో కూడా అదే బెంగ పెట్టుకున్నాడు.

ఒకరోజు ఆటలో బుజ్జి ముందుగానే చచ్చిపోయాడు. ఆ ఆటలో చచ్చినవాళ్లు ఊరికే కూర్చోకుండా జట్టులో మిగిలినవాళ్ల ఆట చూడొచ్చు. వాడి తెర మీదికి అక్క చూపు వచ్చింది. తుపాకీ వణుకుతూ ఒక కిటికీ వైపు వెళ్తోంది. కిటికీ దాటిపోయింది. మళ్లీ వెనక్కొచ్చింది. మళ్లీ దాటింది. బుజ్జి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. గోడ అవతల్నుంచి అమ్మ గొంతు, పిల్లలు పరీక్ష హాల్లో అడిగినంత భయంగా: "ఇప్పుడా? ఇప్పుడా నొక్కేది?"

వాడు కుర్చీలోంచి లేచాడు.

అక్క గది తలుపు ఓరగా తీసే ఉంది. బల్ల ముందు అమ్మ కూర్చుని ఉంది, కళ్లజోడు ముక్కు చివరికి జారి. ఆ చిల్లుల మౌస్‌ని పిల్లి ఎలకని నోట పట్టినట్టు గుప్పెట్లో బిగించి పట్టుకుంది. పక్క కుర్చీలో అక్క. ఆమె కుడిచెయ్యి ఒళ్లో దిండు మీద ఉంది, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టుంది. కళ్లు మాత్రం తెర మీదినుంచి కదలడం లేదు.

"కుడికమ్మా... అంత కాదు... వెనక్కి... ఆఁ, ఆగు. నొక్కు. అమ్మా, నొక్కు!"

అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని నొక్కింది.

కిటికీలోవాడికి ఏమీ కాలేదు. తెర ఎర్రబడింది. "పోయానా?" అంది అమ్మ కళ్లు తెరిచి. "పోయావు" అంది అక్క. ఇద్దరూ చిన్నగా నవ్వుకున్నారు. అప్పుడు చూశారు గుమ్మంలో బుజ్జిని.

అమ్మ మౌస్ వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకుంది, దొంగతనంగా చక్కెర తింటూ దొరికిపోయినదానిలా. ఇన్నాళ్లూ కళ్లు నెత్తికెక్కాయా అని తను అరిచింది ఎవరి మీదో బుజ్జికి అప్పుడు తెలిసొచ్చింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"కొన్నప్పట్నుంచే" అంది అక్క.

"పగలు కూడానా? టైల్స్?"

"అదీ అమ్మే. నేను చెప్తాను, తను గీస్తుంది."

"నాకు కాపీ, పేస్టు వచ్చేశాయిరా" అంది అమ్మ. గొంతులో రవ్వంత గర్వం కూడా ఉంది, అది వినడం మరీ కష్టమైంది వాడికి.

"షాపులో బావుందన్నావు కదే అక్కా! ఇదే బావుందన్నావు!"

"షాపులో నేను చూసింది మౌస్‌ని కాదురా, నీ మొహాన్ని" అంది అక్క. "ఏదిచ్చినా నాకొకటే అప్పటికే. బరువు కాదు బుజ్జీ. వేలు దిగట్లేదు. నువ్వు దాన్ని గాలితో చేసి తెచ్చినా నొక్కాల్సింది నేనే కదా?"

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే ఇంకోటి కొనుక్కొచ్చేవాడివి."

వాడు తల అడ్డంగా ఊపాడు. కానీ బుర్ర ఊరుకుంటుందా? ఆ క్షణంలోనే అది పరుగెత్తుతోంది. బటన్ కింద స్ప్రింగు మెత్తబరిస్తే, అసలు స్ప్రింగే తీసేసి ముట్టుకుంటే చాలన్నట్టు చేస్తే... "అది కాదక్కా, బటన్‌ని గనక..." అని మొదలెట్టాడు.

"బుజ్జీ" అంది అక్క.

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. ఎన్నో లిఫ్టులు కదిలించిన మనిషి, అక్కడ ఒక దిండు మీద ఉన్న ఒక్క చెయ్యి ముందు నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. మీసాలున్నాయని ఆపుకోలేదు. అక్క లేచి ఓదార్చలేదు, చెయ్యి ఎత్తి తల నిమరలేదు. అమ్మని కళ్లతోనే అడిగింది. అమ్మ వెళ్లి వాడి తల నిమిరింది. కాసేపటికి అమ్మే నెమ్మదిగా మొదలెట్టింది.

"అది సరేగానీ ఒరేయ్, నాకొకటి తెచ్చిపెట్టు. ఇది నా చేతికి మరీ తేలికైపోయింది. ఇలా ముట్టుకుంటే అలా పారిపోతోంది. పువ్వు గీయమంటే గీత పక్క గదిలోకి పోతోంది. కాస్త బరువున్నదీ, చేతికి ఆనేదీ కావాలి. అక్క పని ఆలస్యమవుతోంది నా వల్ల."

బుజ్జి అక్క వంక చూశాడు. "తీసుకురా" అంది అక్క. "ఆటకి కూడా పనికొచ్చేది చూడు. అమ్మ ఇప్పుడిప్పుడే దారిన పడుతోంది."

మర్నాడు డ్యూటీ దిగి వాడు అదే షాపుకి వెళ్లాడు. షాపతను గుర్తుపట్టి ఎదురొచ్చాడు. "రండి సార్! మొన్ననే కొత్తవి వచ్చాయి. మీరు తీసుకున్నదానికంటే తేలిక. చూపించనా?"

"వద్దండీ" అన్నాడు బుజ్జి. "బరువైనది కావాలి."

"బరువైనదా?"

"ఆఁ. చేతికి ఆనాలి. గట్టిగా నొక్కినా ఫర్వాలేకుండా ఉండాలి."

షాపతను ఒక్క క్షణం ఆలోచించాడు. మంచిమనిషి, మొహమంతా వెలిగిపోయింది. "అయితే మేడమ్ చెయ్యి బాగైపోయిందన్నమాట! చాలా సంతోషం సార్. ఆవేళ ఆవిణ్ని చూసి మా ఆవిడతో కూడా చెప్పి బాధపడ్డాను. ఉండండి, మంచిది తీస్తాను" అంటూ నిచ్చెనెక్కి పైఅర వెతికాడు. నల్లటి మౌస్ ఒకటి దించి, తుడిచి, బుజ్జి చేతిలో పెట్టాడు. పెట్టి, జవాబు కోసం నవ్వుతూ వాడి మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

మౌస్ బరువుగానే ఉంది. బుజ్జి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"బాగైందండీ" అన్నాడు.