వెనక సందు తలుపు

లొరేటాకి బిడ్డ పుట్టి రెండు గంటలైనా కాలేదు. టౌను ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన మర్టిల్ అవ్వ కూర్చుంది. అక్కడ ఆయాగా పనిచేసే నేను గిన్నెలు తీస్తున్నాను. సంక్షేమ శాఖ ఆడమనిషి ఇద్దరు పోలీసుల్ని వెంటేసుకుని వచ్చింది.

"ఇరుకు ఇల్లు. అందులో ఎనిమిది మంది. శిశువుకి ప్రమాదం" అని కాగితం చదివింది.

పాలు తాగుతున్న పసిదాన్ని గుంజుకున్నారు. లొరేటా మంచం దిగి పరుగెత్తబోయి గచ్చుమీద పడింది. తలుపు దాకా పాకింది. ఆమె పాకినంత మేరా నెత్తురు. నర్సు నా చేతికి గుడ్డ ఇచ్చింది. తుడిచాను.

ఆ తర్వాత మా ఆదివాసీ నల్లజనంలో ఎవరూ కాన్పుకి ఆ గడప తొక్కలేదు. ఆడవాళ్ళు నొప్పులు దాచుకున్నారు. చలికాలం ముగిసేలోగా నది ఒడ్డు ఇళ్ళలో ఇద్దరు పసివాళ్ళు, ఒక తల్లి పోయారు. పత్రికలు గోల చేశాక ప్రభుత్వం కదిలింది. పాత పోస్టాఫీసులో తల్లీబిడ్డల క్లినిక్ పెడతామంది. మీ సంప్రదాయానికి తగ్గట్టే ఉంటుందంది. ఎడారి జనం వేసే చుక్కల బొమ్మలు తెచ్చి గోడలకి అతికించింది. అవి మావి కావు, మేం నది జనం.

అసలు సంగతి ఫుట్‌బాల్ షెడ్డు మీటింగులో క్లారీ మామ బయటపెట్టాడు. ఆయన మావాడే, కాంట్రాక్టరు దగ్గర వడ్రంగి.

"కాన్పు గదికి వెనక సందులోకి తలుపు పెట్టారు. తాళంచెవి సంక్షేమ శాఖకి ఇస్తారంట. ఆ తలుపు బిగించింది నేనే."

"చేతులెట్లా వచ్చాయిరా నీకు?" అరిచింది లొరేటా తల్లి.

"నలుగురు పిల్లలు నాకు. పని మానేస్తే నువ్వు పెడతావా తిండి?"

"బిగించినోడివి, పీకెయ్" అంది మర్టిల్ అవ్వ.

క్లినిక్ మేనేజరు పెల్లింగ్ లేచాడు. "తలుపు పసివాళ్ళ రక్షణ కోసం."

"ఎవర్నించయ్యా? కన్నతల్లి నించా?" అంది అవ్వ. " ఆ తలుపు మూసెయ్యండి. మంచం పక్కన మా పెద్దాడాళ్ళకి చోటు కావాలి. పుట్టిన బిడ్డకి ఆకుల పొగ పట్టడానికి పెరట్లో పొయ్యి కావాలి."

"పొగకి అలారం మోగుతుంది."

"పిల్లల్ని ఎత్తుకుపోతుంటే మోగదేం మీ అలారం?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. లొరేటా నవ్వలేదు. బిడ్డని గుంజుకుపోయిననాటినుంచీ ఆమె నోరు విప్పలేదు.

"ఎక్కువ గొడవ చేస్తే క్లినిక్కే ఎత్తేస్తారవ్వా" అంది ఏడో నెల కడుపుతో ఉన్న నోరా. "తలుపుంటే ఉండనీ, మందులన్నా దొరుకుతాయి."

"నన్ను ఐదేళ్ళప్పుడు మా అమ్మ దగ్గర్నించి గుంజుకుని లారీ ఎక్కించారే" అంది అవ్వ. "ఆ లారీలో మిఠాయిలు కూడా పెట్టారు."

నోరా తల దించుకుంది.

ప్రారంభోత్సవానికి సిడ్నీ నుంచి మంత్రి వస్తాడనగా రెండు రోజుల ముందు అరవై మందిమి క్లినిక్ లోపలికి వెళ్ళాం. క్లారీ తలుపు పీకాడు. మగవాళ్ళు ఆ ఖాళీలో ఇటుకలు పేర్చారు. ఆడవాళ్ళం పెరట్లో పొయ్యి కట్టాం. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. పచ్చి గోడకి వీపు ఆనించి కూర్చున్న అవ్వని రెక్కలు పట్టి ఈడ్చుకెళ్ళారు. సుత్తులతో గోడ కూల్చారు.

స్టేషనులో అవ్వకి ఆయాసం మొదలైంది. ఆమె ఆయాసానికి పీల్చే మందు పంపు పట్టుకుని పరుగెత్తాను.

"బయటి మందులు లోపలికి పోనివ్వం" అన్నాడు పోలీసు.

"ఆమె దగ్గు వినపడటం లేదా? చచ్చిపోతది!"

"నాటకాలాడకు."

పంపుని బల్ల మీద పెట్టుకున్నాడు. సాయంత్రానికి దగ్గు ఆగింది. పంపుని ప్లాస్టిక్ కవరులో వేసి, నాతో సంతకం పెట్టించుకుని, తిరిగి ఇచ్చారు.

మంత్రి రాలేదు. నాలుగు ఊళ్ళ జనం వచ్చారు. అవ్వని పూడ్చిపెట్టి అటునుంచి అటే క్లినిక్‌కి నడిచాం. కాంట్రాక్టరు కొత్త తలుపు తెచ్చి సందులో దించాడు. ఎత్తడానికి ఒక్క కూలీ ముందుకు రాలేదు. క్లారీ తన సంచి తెచ్చి మా ముందు పెట్టాడు. అందులో తాపీలున్నాయి.

"ఈసారి అందర్నీ లోపలేస్తారు!" అన్నాడు పెల్లింగ్.

"వెయ్యమను. అక్కడే కంటాం" అంది నోరా.

లొరేటా మోకాళ్ళ మీద కూర్చుని సిమెంటు కలపడం మొదలుపెట్టింది. ఈసారి గోడని రెండు ఇటుకల మందం లేపాం. నడుము ఎత్తు లేచేసరికి పోలీసు వ్యాన్లు సందులోకి తిరిగాయి.

లొరేటా అటు చూడలేదు. నా వైపు చెయ్యి చాచింది.

"ఇటుక ఇయ్యి పిన్నీ."