రెప్పలున్న బల్లి

మా మిరపచేను గట్టున ఒక రాళ్లగుట్ట ఉంది. దుక్కిలో తేలిన సున్నపురాళ్లను ఏరి అక్కడ పోయడం ఈ ఇంటి కోడళ్ల పని. అడుగున ఉన్నవి మా అత్తగారు అంకమ్మగారివి, పైనున్నవి నావి. నా బీయస్సీ జువాలజీ ఆ పనికి పెద్దగా అక్కరకు రాలేదు.

ఈసారి ఈస్టరుకి చర్చికి సున్నం వేయిస్తానని అత్తయ్య పాస్టరుగారికి మాటిచ్చింది. గుట్ట మొత్తం ఇస్తే నాలుగు గోడలకీ సరిపడా సున్నం పంపుతానన్నాడు రాళ్లు కాల్చి సున్నం తీసే బట్టీ ఆయన. దాచేపల్లి దాకా చేలగట్ల మీది గుట్టలన్నీ అలాగే బట్టీల్లోకి పోయాయి. మిగిలింది మాదే.

ఆ ఉదయం రాళ్లు బట్టీకి తోలడానికి మీరావలి ట్రాక్టరు తెచ్చాడు. సగం గుట్ట ఎత్తాక, ఒక పలకరాయిని పక్కకు లేపి, గునపం పారేసి వెనక్కి దూకాడు.

"పెద్దమ్మా! విషపు బల్లి!"

జానెడు పొడవు. పసుపు ఒంటి మీద నల్లమచ్చలు, ముల్లంగిలా బలిసిన తోక. పక్కనే రెండు గుడ్లు. మా వైపు ఇది కనబడితే ఎవరూ ఆలోచించరు, చంపేస్తారు. అత్తయ్య అప్పటికే చెప్పు తీసింది.

"దానికి విషం లేదత్తయ్యా. పాపం, రాళ్ల సందులు లేక ఎక్కడా కనబడకుండా పోతున్నాయివి."

"కాలేజీలో చెప్పారా?"

"చెప్పారు. పరీక్షలో కూడా వచ్చింది."

రెండో మాట అబద్ధం.

ఆవిడ చెప్పెత్తింది. బల్లి పారిపోలేదు. ఎండ పొడకి తట్టుకోలేక మెల్లగా రెప్పలు మూసి, తెరిచింది. ఇంట్లో తిరిగే బల్లులకి రెప్పలుండవు.

చెప్పు గాల్లోనే ఆగింది.

"ఏమే శాంతీ, ఇది కన్నార్పుతోందే!"

"నిద్రలో లేపాం కదా మరి."

"పచ్చి బాలింతలా ఉందే. ఎండలో పడేశామేంటే దీన్ని!" అంటూ ఆవిడ పైట కొంగు చాచి నీడ పట్టింది. "ఒరేయ్ మీరావలీ, ఆ రాయి మళ్లీ కప్పు. నెమ్మదిరా, గుడ్లున్నాయి!"

"సగం రాయికి సగం సున్నమే ఇస్తాడు పెద్దమ్మా. పాస్టరుగారికేం చెప్తావు?"

చర్చికి ఇచ్చిన మాట అత్తయ్య ఎన్నడూ తప్పలేదు.

"కనబడే రెండు గోడలకి వేయమంటాను. వెనక రెంటినీ చూసేది ఆ దేవుడొక్కడే. ఆయనతో నేను మాట్లాడుకుంటాలే."

మీరావలి రాయి దించాడు. అత్తయ్య నడుం పట్టుకుని వంగి, కింద సందు ఉందో లేదో వేలు పెట్టి చూసింది.

"తోక లావుగా ఉంది కదే" అని సందులోంచి చిన్నరాయొకటి తీయించింది.